ఆ బల్లి ముఖం ఎదుటి పార్టీవాడిది కాదు

మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక బొమ్మ వచ్చింది. మనిషి ముఖం చిరిగి, లోపల్నించి పచ్చటి బల్లి చర్మం కనబడుతోంది. ఆ ముఖం ఒక పార్టీ నాయకుడిది. గంట తిరక్కుండానే అవతలి వర్గం వాళ్ళు అదే బొమ్మకి ఇంకో నాయకుడి ముఖం అతికించి పెట్టారు. ఆ బొమ్మ ఒక పాత అమెరికా సీరియల్లోది. ఇద్దరిలో ఎవరూ ఆ సీరియల్ చూసినట్టు లేరు. చూసుంటే ఆ పని చేసేవాళ్ళు కాదు. ఆ కథంటే నాకు ప్రాణం కాబట్టి మనసు కష్టపెట్టుకుని ఇది రాస్తున్నాను.

1983 మే నెలలో అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో రెండు రాత్రులు వచ్చింది, పేరు 'వి'. కెన్నెత్ జాన్సన్ రాసి తీశాడు. మొదట ఆయన రాసుకున్న కథలో గ్రహాంతరవాసులే లేరు. సొంత దేశంలోనే నియంతృత్వం వస్తే ఎట్లా ఉంటుందని సింక్లెయిర్ లూయిస్ 1935లో ఒక నవల రాశాడు, ఆ స్ఫూర్తితో మొదలుపెట్టిన కథ అది. టీవీ వాళ్ళు అట్లా వద్దన్నాక నియంతలు అంతరిక్ష నౌకల్లో దిగారు. పైకి మనుషులే, ఆ చర్మం కింద బల్లులు. చల్లగా నవ్వుతారు. మాకు కొన్ని రసాయనాలు తయారుచేసి పెట్టండి, బదులుగా మా విజ్ఞానం మీకిస్తాం అంటారు. అసలు వచ్చింది భూమ్మీది నీళ్ళ కోసం, మనుషుల్ని తిండికి పట్టుకుపోవడం కోసం.

చూసినవాళ్ళందరికీ గుర్తుండేది, వచ్చినవాళ్ళలో పెద్ద అధికారిణి డయానా బతికున్న ఎలుకలాంటి జంతువుని మింగే సీను. నాకు మాత్రం డేనియల్ గుర్తుంటాడు. ఏ ఉద్యోగంలోనూ నిలవని కుర్రాడు. పక్కింటి అమ్మాయి వాడిని లెక్కచెయ్యదు. వచ్చినవాళ్ళు వాడికి యూనిఫారం వేసి, చేతికి తుపాకీ ఇస్తారు. వాళ్ళ తాత నాజీల కాలం చూసి బతికి బయటపడ్డ యూదు. ఆ తాత పట్టుబట్టి, వచ్చినవాళ్ళు వెంటాడుతున్న ఒక శాస్త్రవేత్త కుటుంబాన్ని ఇంట్లో దాచిపెడితే, మనవడు పోయి చెప్పేస్తాడు. ఆ తాతనీ పట్టుకుపోతారు.

మా చిన్నాన్న కొడుకు డిగ్రీ అయ్యాక ఒంగోలులో రెండు చోట్ల చేరి మానేశాడు. నాలుగేళ్ళు ఖాళీగా ఉన్నాడు. ఎన్నికలప్పుడు మెడలో కండువా పడింది. కనిగిరిలో కట్టిన ఫ్లెక్సీలో అట్టడుగు వరసన, చివర్నించి మూడోది, తపాలా బిళ్ళంత ఫోటో వాడిదే. దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకొచ్చి మా పిన్నికి చూపించాడు. పిన్ని ఫోన్ మీద రెండు వేళ్ళతో ఆ బిళ్ళని పెద్దది చేసుకుని, చాలాసేపు చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ నాలుగేళ్ళలో వాడిని పిలిచి ఫలానా పని చెయ్యరా అన్నవాళ్ళు లేరు. మాక్కూడా ఆ ఆలోచన రాలేదు. పిలిచింది ఆ కండువా ఒక్కటే.

తర్వాత మేనమామతో మాటలు మానేశాడు, ఆయన వేరే పార్టీ అని. చెల్లెలి పెళ్ళిచూపులకి ఆయన్ని పిలవొద్దన్నాడు. నేను నచ్చజెప్పబోతే ఒకటే మాట: "ఏందన్నా, నువ్వు మనోడివా కాదా? అదొక్కటి చెప్పు."

'వి'లో మార్టిన్ అని, వచ్చినవాళ్ళలోనే మంచివాడు ఒకడుంటాడు. మీ నాయకుడికి అంత అధికారం ఎట్లా వచ్చిందని అడిగితే, ఆయనలోని ఆకర్షణ, అప్పటి పరిస్థితులు, ఇచ్చిన హామీలు అంటాడు. అడగాల్సినవాళ్ళు సమయానికి అడగలేదు అంటాడు. ఆ నాయకుడు తెరమీద ఒక్కసారి కూడా కనబడడు. ఎవరి ముఖం తెచ్చి అతికిస్తారు చెప్పండి.

నమ్మినవాళ్ళని వెర్రివాళ్ళంటే నేనొప్పుకోను. 'బాటిల్‌స్టార్ గెలాక్టికా' అనే ఇంకో అంతరిక్ష సీరియల్లో బాల్టార్ అనేవాడు అధ్యక్షుడిగా గెలిచేది నేల చూపించి. నెలల తరబడి అంతరిక్ష నౌకల ఇనుప గోడల మధ్య నలిగిపోయిన జనానికి, దిగి కాపురం పెట్టుకుందాం రండి అంటాడు. ఆ గ్రహం క్షేమం కాదని అప్పటి అధ్యక్షురాలు రాస్లిన్ చెప్పినా ఎవరూ వినరు. ఏడాది తిరిగాక శత్రువు వచ్చి నెత్తిన కూర్చుంటాడు. అయినా నేల కావాలనుకోవడం తప్పెట్లా అవుతుంది? మా పడమటి పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయినవాళ్ళున్నారు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. అప్పట్నించి నీళ్ళ మాట ఎత్తని ఎన్నిక లేదు. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి ఎండలో నిలబడే మనిషి నీళ్ళిస్తానన్నవాడిని నమ్మక ఎవరిని నమ్ముతుంది? ఆ నమ్మకం మీద నాకు కోపం లేదు. గెలిచాక నీళ్ళేవి అని అడిగినవాడిని ద్రోహి అంటారే, దాని మీదే నా కోపమంతా.

'డాక్టర్ హూ' అనే బ్రిటన్ సీరియల్లో, 2007లో వచ్చిన కథలో మాస్టర్ అనే దుర్మార్గుడు మారుపేరుతో బ్రిటన్ ప్రధాని అవుతాడు. సెల్‌ఫోన్ నెట్‌వర్క్ గుండా ఒక దరువు జనం మెదళ్ళలోకి ఎక్కిస్తాడు, ఎందుకో తెలియకుండానే అందరూ ఓటేస్తారు. ఇవన్నీ పిల్లల కథలని కొట్టిపారేసే పెద్దమనుషులు ఒకసారి తమ ఫోన్ తీసి, పొద్దుట్నించి ఏమేం ఫార్వర్డ్ చేశారో చూసుకోవాలి. నేను చూసుకున్నాను. నిజమో కాదో కనుక్కోకుండా పంపినవి మూడు ఉన్నాయి. మూడూ నాకు నచ్చిన నాయకుడిని పొగిడినవే.

పోయిన నెల ఊరికి పోతే ఆ ఫ్లెక్సీ చిన్నాన్నవాళ్ళ గడ్డివాము మీద కప్పి ఉంది. నాయకుడి ముఖం పైకి ఉంది, తమ్ముడి ఫోటో ఉన్న అంచు మడతపడి రాయి కిందికి పోయింది. వాడు ఇంట్లో లేడు, ఏదో మీటింగుకి జనాన్ని ఎక్కించుకుని పోయాడట. సంక్రాంతికి వస్తే నా పక్కన కూర్చోబెట్టుకుని 'వి' చూపిస్తాను. ఏ పార్టీ పేరూ ఎత్తను. డేనియల్ యూనిఫారం వేసుకుని ఇంట్లోకి వచ్చేటప్పుడు ఆ తాత వాడిని చూసే చూపు దగ్గర ఆపి, ఏమైనా అంటాడేమో చూస్తాను.