తొమ్మిది వందల సార్లు వింటే విన్నట్టు కాదా?

ఖర్చులు పెరిగి ఉద్యోగాలు ఊడుతున్న కాలంలో పాటను నమ్ముకున్నవాళ్లకు అందరూ ఇచ్చే సలహా ఒకటే: సొంతంగా పాట చేసి ఆన్‌లైన్‌లో పెట్టు, వినేవాళ్లు వాళ్లే వస్తారు. వస్తున్నారు కూడా. రానిది డబ్బే. 2024 ఆరంభం నుంచి, పాటలు వినిపించే యాప్ స్పాటిఫైలో, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు మోగని పాటకు రికార్డింగ్ రాయల్టీ, అంటే ఆ రికార్డింగ్ మోగినందుకు దక్కే వాటా, సున్నా. నిబంధన పాతబడింది కదా అని ఊరుకోవడానికి మేం సిద్ధంగా లేం.

లెక్క చూడండి. ఒక గాయని పది పాటలు చేసింది. ఏడాదిలో ఒక్కోటీ 900 సార్లు మోగింది. మొత్తం 9,000. చేతికొచ్చేది ఏమీ లేదు. స్టూడియోకు గంటల లెక్కన అద్దె కట్టింది, మిక్సింగ్‌కు, మాస్టరింగ్‌కు విడిగా ఇచ్చుకుంది, పాటను యాప్‌లోకి ఎక్కించే డిస్ట్రిబ్యూటర్‌కు ఏటా ఫీజు కడుతోంది. వెయ్యి దాటాక ఇద్దువులే అని వీళ్లెవరూ అనలేదు. వినేవాళ్ల దగ్గర చందా మాత్రం పూర్తిగా వసూలైంది, ఉచితంగా వినేవాళ్లకు మధ్యలో ప్రకటనలూ మోగాయి.

అది చిల్లరేనని, ఒక్కో పాటకు నెలకు సగటున 3 సెంట్లేనని, ఆ సొమ్మును తాము ఉంచుకోకుండా మిగతా పాటలకే పంచుతున్నామని కంపెనీ అంటోంది. సరే. ఆ చిల్లరంతా కలిపితే ఏటా కోట్ల డాలర్లవుతుందని చెప్పిందీ ఆ కంపెనీయే. లేనివాడి కంచంలోది తీసి ఉన్నవాడి విస్తట్లో వడ్డించడం కాకపోతే ఇదేమిటి?

మా భయం 3 సెంట్ల గురించి కాదు. పని జరిగింది, జనం వాడుకున్నారు, తక్కువమంది కాబట్టి కూలి ఇవ్వం అనే వాదన ఒకసారి చెల్లిపోయింది. ఇక గీత ఎక్కడ గీయాలన్నది గీసేవాళ్ల ఇష్టం. ఈ రోజు 1,000. రేపు 5,000 అంటే ఏ నోటితో కాదంటారు? ఒప్పుకున్నది అంకెను కాదు, పద్ధతిని. మహా మాంద్యంలో, 1935లో, అమెరికా ప్రభుత్వం ఫెడరల్ మ్యూజిక్ ప్రాజెక్ట్ పెట్టి పనిలేని సంగీతకారులకు జీతాలిచ్చి కచేరీలు చేయించింది. శ్రోతల తలలు లెక్కపెట్టి జీతం ఇవ్వలేదు. ఐర్లండ్ 2022లో 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున ప్రాథమిక ఆదాయం మొదలుపెట్టింది. అక్కడా ఇన్నిసార్లు మోగాలనే షరతు లేదు.

పెద్ద లేబుళ్లకు, అంటే పెద్ద రికార్డు కంపెనీలకు, ఈ గీతతో పేచీ లేదు. ఉండదు కూడా, మిగిలిన సొమ్ములో పెద్ద వాటా చేరేది వాళ్ల పాటలకే. కొత్త గొంతుల కోసం వెతుకుతున్నామని వేదికలెక్కి చెప్పే పెద్దలారా, ఆ గొంతు మీ చేతుల్లోనే ఉంది. ముందు ఆ 900 సార్లకు డబ్బు కట్టండి.