బల్ల మధ్యలో కొలువున్న పొయ్యి గారికి

మహారాజశ్రీ పొయ్యి గారికి,

విజయనగరం నుంచి ఒక ఆకలిగొన్న కుటుంబం నమస్కరించి రాయునది. బయట అద్దం మీద ‘కొరియన్ బార్బెక్యూ, అన్‌లిమిటెడ్’ అని రాసుంది. మనిషికి ఎనిమిది వందల చిల్లర, పైన 5 శాతం జీఎస్టీ. ఆరుగురం వచ్చాం. డబ్బులు రాబట్టాలన్న పట్టుదలతో మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. మా బావైతే పొద్దున్న ఇడ్లీ కూడా మానేసి, పైడితల్లమ్మకి ఉపవాసం ఉన్నంత నిష్ఠగా వచ్చాడు.

కుర్రాడు పళ్ళెం తెచ్చి పెట్టాడు. పల్చగా కోసిన కోడి మాంసం, పంది పొట్ట మాంసం, రొయ్యలు. అన్నీ పచ్చివే. పెట్టేసి, మిమ్మల్ని వెలిగించి, నవ్వి వెళ్ళిపోయాడు.

“ఏటి నాయనా, పచ్చి మాంసం మన మొహాన పడీసి ఎల్లిపోనాడు? వండుకోడానికి ఇంటికాడ పొయ్యి నేదేటి?” అంది మా మేనత్త. ఆవిడకి జవాబు చెప్పడం మావల్ల కాలేదు. మీరూ చెప్పలేదు.

కొరియాలో పద్ధతే ఇదని మా మేనల్లుడు క్లాసు పీకాడు. అక్కడ పంది పొట్ట మాంసం బల్ల మీదే కాల్చి, కత్తెరతో కత్తిరించి, లెట్యూస్ ఆకులో వెల్లుల్లితో, కారం కలిసిన సోయా ముద్దతో చుట్టి ఒకేసారి నోట్లో పెట్టుకుంటారు. (ఇక్కడ లెట్యూస్ బదులు క్యాబేజీ రెబ్బ వచ్చింది. సర్లెండి.) కానీ అక్కడ మామూలుగా మాంసం మనిషికింత అని గ్రాముల్లో తూచి అమ్ముతారు. తిన్నవాడికి తిన్నంత అనేది ఇంకో దారిన వచ్చింది. జపాన్‌లో టోక్యో ఇంపీరియల్ హోటల్ 1958లో పెట్టిన బఫేతో అది పేరుకెక్కింది. ఈ రెండింటికీ ముడిపెట్టినవాడెవరో గానీ, వాడి వ్యాపారబుద్ధికి దండం పెట్టాలి. ఎందుకంటే మీరు బల్ల మధ్యలో ఉంటే యజమాని ఇంక పిసినారితనం చెయ్యక్కర్లేదు. ఆ పని మీరే చూసుకుంటారు.

మీ ఒళ్ళెంతండీ? జానెడున్నర. ఒక వాయికి పట్టేవి పన్నెండు ముక్కలు. కోడి ముక్క లోపల గులాబీ రంగు పోయేదాకా ఆగాలి, తొందరపడితే తెల్లారి ఆస్పత్రే. వాయి దిగేసరికి ఐదారు నిమిషాలు, తలా రెండు ముక్కలు. తియ్యటి సాస్‌లో నానిన మాంసం వేస్తే చక్కెర మాడి మీ ఒంటికి అంటుకుపోతుంది. అప్పుడు కుర్రాణ్ణి పిలవాలి, వాడు పెనం మార్చాలి, కొత్తది కాగాలి. మాకిచ్చిన టైం 90 నిమిషాలు. గంటస్తంభం ఉన్న ఊళ్ళో పుట్టి పెరిగినా, గడియారం చూసుకుంటూ నమలడం మాకిదే మొదలు. లెక్కేస్తే మనిషికి పాతిక ముక్కలు, పచ్చివి తూచినా పావుకిలో. ఆదివారం నాటుకోడి కూర మా బావ ఇంట్లో అంతకంటే ఎక్కువే లాగిస్తాడు, అదీ లుంగీలో, టెన్షన్ లేకుండా.

ఈలోపు ఫ్రైడ్ రైస్, నూడుల్స్, ఆలూ వేపుడు మాత్రం అడక్కుండానే వచ్చేస్తాయి. వాటికి మీతో పని లేదు కదా!

ఇక పట్టకారు సంగతి. మొదట బావే హోదాగా అందుకున్నాడు. రెండు రొయ్యలు మాడ్చి, ఫొటో దిగి, “నువ్వైతే బాగా తిప్పుతావు” అని మా అప్ప చేతికిచ్చేశాడు. ఈ పూట వంట తప్పిందని పట్టుచీర కట్టుకొచ్చిన మనిషి, కొంగు నడుముకి దోపుకుని మీ ముందు నిలబడింది. కూర్చుంటే చెయ్యి అందదు మరి. అందరి పళ్ళేల్లోకీ ముక్కలు వెళ్తున్నాయి, ఆవిడ పళ్ళెంలో మాత్రం క్యాబేజీ. పచ్చిది పట్టుకున్న పట్టకారుతో కాలింది తియ్యకూడదు, ఇంకోటి ఇవ్వు బాబూ అని అడిగింది. “బల్లకి ఒకటేనండి” అన్నాడు.

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కితే బొంగు చికెన్ వాళ్ళుంటారు. ముక్కలు బొంగులో కూరడం, నిప్పుల మీద తిప్పడం, ఆకులో వంచి ఇవ్వడం అన్నీ వాళ్ళే చేస్తారు. వెదురు పట్టుకుని మీరే కాల్చుకోండని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

మిగిలిస్తే జరిమానా అని గోడ మీద ఉంది. అందుకే ఆఖరి పది నిమిషాల్లో పళ్ళెంలో ఉన్నదంతా మీ నెత్తిన కుమ్మరించాం. పైనున్న పొగ గొట్టం చేతులెత్తేసింది. పొగంతా వెళ్ళి పట్టుచీరకి పట్టింది.

కాబట్టి విన్నపం ఒకటే. మీ యజమానికి చెప్పి అద్దం మీద ‘అన్‌లిమిటెడ్’ పక్కనే మీ కొలత కూడా వేయించండి, పొడవు ఇంత, వెడల్పు ఇంత అని. రెండో పట్టకారు కూడా ఇప్పించండి, దాన్ని బావ చేతిలో పెట్టే పూచీ మాది.

ఇట్లు,
కిటికీ పక్క బల్ల వాళ్ళు

తా.క.: ఆ కుర్రాణ్ణి ఏమీ అనకండి. పది బల్లలకీ వాడొక్కడే.