శనివారం అల్లుడుగారికి

గౌరవనీయులైన మెథోట్రెక్సేట్ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం ఉత్తరాల ఆనవాయితీ. రాసేద్దును గానీ, పెన్ను పట్టుకున్న చూపుడువేలి కణుపు ఒప్పుకోవడం లేదు. కీళ్లవాతం మరి. దానికి మాత్రగా వచ్చిన మీరు మాత్రం బీరువా పై అరలో, పిల్లలకు అందనంత ఎత్తున, క్షేమంగానే ఉన్నారు.

మీకు మా ఇంట్లో జరుగుతున్న మర్యాదలు కొత్తల్లుడికి కూడా జరగవు. వారానికి ఒక్కసారే వస్తారు, అదీ శనివారం రాత్రి, నేను కడుపు నిండా తిన్నాక. మీరొచ్చి వెళ్లాక మీవల్ల వచ్చే చిరాకులు సర్దడానికి ఇంకో రోజున ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తోడుపెళ్లికొడుకుగా రావాలి. మీకు పడదని డాక్టరుగారు మందు చుక్క ముట్టుకోవద్దన్నారు. ఆ మాట నాతో అంటే పక్కనున్న మావారు ఉలిక్కిపడ్డారు. ఇన్ని మర్యాదలు చేస్తూ కూడా 'ఇంతకీ ఏం పని చేస్తుంటావు నాయనా' అని అడగడానికి లేదు. అడిగితే డాక్టరుగారు మీ తరఫున జవాబిస్తారు: "ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుందమ్మా, కాస్త ఓపిక పట్టాలి."

పట్టడానికి ఓపిక ఒక్కటే మిగిలింది లెండి. దువ్వెన పట్టలేను, పిన్నీసు పట్టలేను.

పని మొదలుపెట్టడానికి మూడు నెలల గడువు అడిగిన మీరు, వికారం తెప్పించడానికి మాత్రం ఒక్క రాత్రి కూడా ఆలస్యం చెయ్యలేదు. ఆదివారం విశ్రాంతి తీసుకోవచ్చు కదా అని డాక్టరుగారు శనివారం ముహూర్తం పెట్టారు. ఆదివారం ఆడవాళ్లకు సెలవని ఆయనతో ఎవరన్నారో! మసాలా వేగే వాసన రాగానే నేను ముక్కు మూసుకుని పెరట్లోకి, మావారు గరిటె పట్టుకుని అయోమయంలోకి. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. మీ దగ్గర వ్యవహారం తిరగబడి ఉంది. ముందు విషం, ఆలస్యమయ్యాక అమృతమట.

పైగా నెలకోసారి రక్తపరీక్ష. సంబరంగా రిపోర్టు తెరిస్తే అందులో ఉండేది ఎక్కువగా మీరు నా లివర్ జోలికి వెళ్లారా, తెల్లకణాల జోలికి వెళ్లారా అన్న విచారణే. చెడు చెయ్యలేదని కితాబు, మంచి సంగతి మాత్రం వచ్చే నెల చూద్దామని వాయిదా.

అందుకే నా పరీక్ష నేనే పెట్టుకున్నాను. తెల్లారి లేవగానే దుప్పటి కిందే పిడికిలి బిగించి చూస్తాను. వేళ్లు ఉబ్బి, బిర్రబిగిసి, అరచేతిదాకా రాకుండా దారిలోనే ఆగిపోతాయి. మొదట్లో ఆ సందులో నిమ్మకాయ పట్టేది. ఈమధ్య ఉసిరికాయ పడుతోంది. పెద్దుసిరి కాదు, చిన్నుసిరే. ఈ మాట మావారితో చెబితే ఆయన నిజంగానే బజారు నుంచి ఉసిరికాయలు తెచ్చారు. ఏడవాలో నవ్వాలో తెలీక పప్పులో వేశాను.

కానీ ఆ ఉసిరికాయ ఘనత మీదేనా? అక్కడే అసలు పేచీ. మీరు తీరిగ్గా వచ్చేలోపు నేను మంచం పట్టకుండా డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ కూడా రాశారు. ఆ స్టెరాయిడ్ మీలా కాదు. పొద్దున వేసుకుంటే ఒకట్రెండు రోజుల్లోనే వేళ్లు మాట విన్నాయి. మొహం గుండ్రంగా చేస్తుంది, షుగరు పెంచుతుంది, ఎముకలు గుల్ల చేస్తుంది, ఎక్కువ కాలం వాడితే ముంచుతుంది. అయినా ఇంట్లో అందరికీ అదే ముద్దు. "ఆ చిన్న బిళ్ల భలే పనిచేసిందే" అంటున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇది మీకు కొత్త కాదు. మీ వంశచరిత్ర తిరగేశాను. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం చేతిలోనే కదా మీరు పుట్టింది! మీ తోడుపెళ్లికొడుకు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిందీ అక్కడే. అంటే ఫోలిక్ యాసిడ్‌నీ, దాని పనికి అడ్డం పడే మిమ్మల్నీ ఒకే ఇంట్లో పెంచారన్నమాట. ఇప్పుడు మీ ఇద్దరి పంచాయితీ నా ఒంట్లో జరుగుతోంది.

1951లోనే మీ అన్న అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఇచ్చి చూశారు. గుణం కనిపించింది. ఎవరైనా పట్టించుకున్నారా? అంతకు ముందు ఏడాదే కార్టిజోన్ అనే స్టెరాయిడ్ వెనకున్న శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చి లోకమంతా స్టెరాయిడ్ మోజులో పడిపోయింది. సుబ్బారావు గారు 1948లోనే కన్నుమూశారు. కీళ్లవాతానికి మిమ్మల్ని వాడొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ముద్ర వేసింది 1988లో. మీ ఫైలు కదలడానికే అన్నేళ్లు పడితే, నా మోచేయి కదలడానికి మూడు నెలలు అడగడం మీ లెక్కలో తొందరపాటే అయ్యుంటుంది.

ఈలోపు మీ మీద వచ్చిన పుకార్లు చెప్పాలి. మా ఆడపడుచు ఫోన్‌లో మీ పేరు వెతికి, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగింది: "వదినా, అది క్యాన్సర్ మందట కదా... మాకు చెప్పకుండా ఏమైనా దాస్తున్నారా?" క్యాన్సర్‌కు మోతాదు వేరు, నాకిచ్చేది వారానికి కొన్ని మిల్లీగ్రాములేనని చెప్పాను. నమ్మలేదు. ఆ సాయంత్రానికి ఊళ్లో ఉన్న చుట్టాలంతా పళ్లు పట్టుకుని వచ్చారు. మీవల్ల ఒరిగిన లాభం ప్రస్తుతానికి ఆ బత్తాయిలే.

వచ్చినవాళ్లు ఊరికే వెళ్తారా? ఒకరు నల్లేరు పచ్చడన్నారు, ఒకరు వావిలాకు కాపడమన్నారు, ఇంకొకరు వంకాయ, చింతపండు మానేస్తే వాతం దానంతటదే పోతుందన్నారు. ఎదురింటి పిన్నిగారు నా వేళ్లు పట్టి చూసి "గుజ్జు అరిగిపోయుంటుంది, వయసు కదా" అని తేల్చేశారు. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. పిన్నిగారూ, ఇది అరుగుదల కాదు, నన్ను కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నా కీళ్ల పొర మీద పడి కొడుతోంది అని చెప్పబోయాను. "అయితే దిష్టే" అన్నారావిడ. కాపడం హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ లోపల కీలు చెడిపోకుండా ఆపేది ఆ మూకుట్లో ఆకులు కాదని నాకు తెలుసు. తెలిసిన దాని సాయంతోనే ఇంకో శనివారం మీ ముందు నీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంటున్నాను.

ఒక్క విషయంలో మాత్రం మీరంటే హడలే. వారానికోసారి వేసుకోవాల్సిన మిమ్మల్ని పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికే వస్తుందట. అందుకే చీటీ మీద వారం పేరు అక్షరాలా రాయించుకున్నాను. మా అత్తయ్య మంగళవారం నాడు "మాత్ర వేసుకున్నావా అమ్మా" అంటే చాలు, గుండె గుభేలుమంటుంది.

ఇక అసలు సంగతి. వచ్చే నెల నుంచి స్టెరాయిడ్ డోసు తగ్గిస్తానన్నారు డాక్టరుగారు. ఒక్కసారిగా మానకూడదట, మెట్టు మెట్టుగా దించాలట. ఆ స్టెరాయిడ్ దిగుతున్నకొద్దీ నా పిడికిట్లో ఉసిరికాయ ఉసిరికాయగానే ఉంటే ఆ ఘనత మీదే. మళ్లీ నిమ్మకాయ అయితే, డోసు పెంచడమో, ఇంకో మందును మీకు జతచెయ్యడమో చేస్తారట. అంటే ఇంటికి రెండో అల్లుడు. రెండు జతల బట్టలు పెట్టే స్తోమత మాకు లేదు, ఆలోచించుకోండి.

ఇట్లు,
మీ అత్తగారు

తా.క.: ఫోలిక్ యాసిడ్ గారి మీద నాకే ఫిర్యాదూ లేదు. అడిగానని చెప్పండి.