చి.ల.సౌ. స్ట్రాప్‌లెస్ గౌనుకు

చి.ల.సౌ. నీలం శాటిన్ గౌనును ఆశీర్వదించి బెంగళూరు మారతహళ్లి నుంచి పిన్ని వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే నువ్వు కులాసాగానే ఉన్నావు, బాగాలేనిది మేమే.

మా అక్క కూతురు కాలేజీ ఫేర్‌వెల్ డిన్నర్‌కని నిన్ను కమర్షియల్ స్ట్రీట్ నుంచి తెచ్చి మంచం మీద పరిచింది. అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని, "పైముక్క కవర్లోనే ఉండిపోయినట్టుంది, చూడవే" అంది. ఉన్నదంతా అదేనని తెలిశాక బావ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క నావైపు చూసింది. ఇంట్లో కుట్టుమిషను తొక్కినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి నీకు మర్యాద నేర్పే పని నా నెత్తిన పడింది.

నిన్ను తిరగేసి చూస్తేగానీ నీ సంగతి తెలియలేదు. పైకేమో ఏ ఆధారమూ లేకుండా నిలబడ్డట్టు నటిస్తావు. లోపల కుట్టు కుట్టుకీ బోన్లు (గుడ్డను నిటారుగా నిలబెట్టే ప్లాస్టిక్ పుల్లలు), పై అంచు జారకుండా సిలికాన్ పట్టీ, నడుము దగ్గర గట్టి టేపు, దానికి విడిగా హుక్కులు. నీ బరువంతా మోసేది ఆ టేపే. రెండు భుజాలు ఖాళీగా వదలడానికి ఇంత సరంజామానా! అమ్మమ్మ తిట్టే ఈ "సిగ్గులేని బట్ట"లో ఉన్న కట్టుదిట్టం, ఆవిడ జీవితంలో తొడిగిన జాకెట్లన్నీ కలిపినా రాదు.

చిక్‌పేట సందులో మాస్టర్‌కి చూపించాం. భుజాలకు పట్టీలు ఎక్కడపడితే అక్కడ కుట్టకూడదట. బోను ఉన్నచోటే నిలబెట్టాలి, లేకపోతే పై అంచు ముడుచుకుపోతుంది. గుడ్డకు కొరత లేదు. పిల్ల పొట్టి, కింద అంచు ఎలాగూ కోయాలి, ఆ ముక్కలోంచే క్రాస్‌గా పట్టీలు తీయొచ్చు. పట్టీలు చాలవు, చేతులు కావాలంది అక్క. "ఆగల్ల మేడమ్" అన్నాడాయన, కన్నడంలో కుదరదని. చేతులు తగిలించడానికి నీకు చంక గుండ్రమే లేదాయె! ఊరికే అతికిస్తే పిల్ల చెయ్యెత్తినప్పుడల్లా నువ్వు మొత్తంగా పైకి లేస్తావు, చంకలో వేరే ముక్క వేయాల్సిందే. పోనీ మెడదాకా నెట్ వేద్దామా అంటే నీ జిప్పు వీపు మధ్యలోనే ఆగిపోయింది. ఆపైన చీలిక వదిలి గుండీ, కాజా పెట్టకపోతే తొడుక్కోవడమే కుదరదు. పైగా కొట్లో "స్కిన్ కలర్" అని చూపించిన నెట్ మా వంశంలో ఎవరి ఒంటి రంగూ కాదు. ఆ రంగు మనిషిని నేను షాపుల్లో నిలబెట్టిన బొమ్మల్లోనే చూశాను.

నీ ఓదార్పు కోసం ఒక మాట. 1884లో పారిస్ సలోన్ అనే చిత్రప్రదర్శనలో జాన్ సింగర్ సార్జెంట్ అనే చిత్రకారుడు ఒకావిడ బొమ్మ పెట్టాడు. నల్ల గౌను, ఒక పట్టీ భుజం మీంచి జారినట్టు. ఊరు గగ్గోలెత్తింది. తర్వాత ఆయనే కుంచె పట్టుకుని ఆ పట్టీని మళ్లీ భుజమ్మీదికి ఎక్కించాడు. ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. మా అక్కలాంటివాళ్లు అక్కడా ఉన్నారన్నమాట. కాకపోతే ఆ మాస్టర్‌కి అస్తరు ఖర్చు లేదు.

చివరికి పట్టీలు కుట్టించి, మీదికి నెట్ పొట్టికోటు వేయించి ట్రయల్ పెట్టాం. పంచాయితీకి వదిన వచ్చింది, ఏదో పెళ్లికి వెళ్తూ దారిలో ఆగి. కంచిపట్టు చీర, వీపు మీద రెండు తాళ్లు, వాటి చివర గజ్జెలు. అక్కడ జాకెట్టు కూడా ఉందని మనం నమ్మాలి. "నెట్‌లోంచి భుజం కనిపిస్తోందమ్మా, బాగుండదు" అంది, గజ్జెలు ఘల్లుమంటుండగా. ఒక్కరూ నవ్వలేదు! ఆ వీపు పట్టుచీరతో కలిసి వచ్చింది గనక సంప్రదాయం. నీ భుజానికి ఈ ఇంట్లో చుట్టాలెవరూ లేరు, అదే నీ నేరం. పొద్దున్నే నైటీ మీద తువ్వాలు కప్పుకుని కూరల బండి దగ్గర వంకాయలు ఏరే మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లంతా నీకు బుద్ధి చెప్పగలరు. నీ మీద కూడా ఓ తువ్వాలు వేసి పంపితే పోలేదా అని అమ్మమ్మ నిజంగానే అంది.

కోటుకి అస్తరు వేయించి భుజాలు మాయం చేశాను. అందరూ శాంతించారు. కోటును నీకు కలిపి కుట్టించేయమని అక్క గట్టిగా చెప్పింది. నేను మాస్టర్‌తో రెండు హుక్కులే పెట్టించాను. సిల్క్‌బోర్డు సిగ్నల్ దగ్గర క్యాబ్ ఎంతసేపు ఆగుతుందో పిల్లకు తెలుసు. హుక్కులు విప్పడానికి అంతసేపు అక్కర్లేదు.

ఇట్లు,
పిన్ని

తా.క.: కోసిన అంచులో శాటిన్ కాస్త మిగిలింది. వదిన అడిగి పట్టుకెళ్లింది. కొత్త జాకెట్టుకి వెనక తాళ్లు కుట్టించుకుంటుందట.