రిఫర్ చేయడమైనది

ప్రభుత్వం జవాబు చెప్పదని ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కొందరు గిట్టనివాళ్లు అంటుంటారు. కళ్లు పోతాయి. ఎవరిని అడిగినా జవాబుంది. ఆఫీసు కిటికీ దగ్గర గుమస్తా బాబుని అడగండి, ఆయన వెనక ఫ్యాను కింద కూర్చున్న పెద్దబాబుని అడగండి, "హెబ" అంటారు. ఒడియాలో ‘అవుతుంది’ అని. ఎప్పుడన్నది మాత్రం ఆ క్రియాపదంలో లేదు. జనం మాట్లాడేదే అసలు భాష అని వాదించిన గిడుగు పంతులుగారు పాఠాలు చెప్పింది మా పర్లాకిమిడిలోనే. ఆఫీసు మాట్లాడే భాష సంగతి పాపం ఆయన దాకా వచ్చినట్టు లేదు.

విషయానికొస్తే, మొన్న వానల్లో మా పిన్ని బోరింగు దగ్గర జారి తుంటి మీద పడింది. దగ్గర్లో ఉన్న సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాను. పేరు చెప్పను. అక్కడివాళ్లు మంచివాళ్లు, వెంటనే ఎక్స్‌రే తీశారు. తీశాక చెప్పారు, ఫిల్ము లేదు, తెర మీద కనబడుతున్నది ఫోనులో ఫోటో తీసుకోండని. నేను అప్పటికి మందుల వరసలో ఉన్నాను. పిన్నిది బటన్ల ఫోను. పక్క బెంచీ మీద, చెల్లెలికి జ్వరమని వచ్చిన కుర్రాడొకడుంటే వాడే జాలిపడి తన ఫోనులో తీశాడు. డాక్టరుగారు ఆ కుర్రాడి ఫోను అందుకుని, రెండు వేళ్లతో తుంటిని పెద్దది చేసి, చిన్నది చేసి, చీటీ మీద ‘బరంపురం’ అని రాశారు. అంటే అక్కడి పెద్దాసుపత్రికి పొమ్మని.

"వంద కిలోమీటర్ల పైన ఉంది కదరా, అంత దూరం నానెలాగ కూకుంతాను?" అంది పిన్ని. నా దగ్గరా జవాబు లేదు. నేను ప్రభుత్వాన్ని కాదు కదా.

ఫోటో వాట్సాప్‌లో పంపుతానని కుర్రాడు నంబరడిగాడు. పిన్ని తన నంబరే ఇచ్చింది. బటన్ల ఫోనుది.

చివరికి శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. సర్కారు ఆరోగ్య బీమా కార్డు చూపించాను. కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మా దగ్గర ఎక్కదండీ" అంది. కార్డు చరిత్ర ఆ అమ్మాయికి తెలీదు. 2018లో దేశమంతటా వచ్చిన ఆయుష్మాన్ బీమా మా ఒడిశాలోకి 2025 ఏప్రిల్లో ఒడియా నాయకుడు గోపబంధు పేరు కలుపుకుని వచ్చింది. ఏడేళ్లు నడిచొచ్చిన కార్డు, కాస్త అలిసిపోయి ఉంటుంది. ఆ ఆసుపత్రిలో ఫిల్ము ఉంది. వచ్చేటప్పుడు పిన్ని చెవులకి దుద్దులు లేవు.

ఈ గొడవలో నాకు బోధపడిన సంగతి ఒకటుంది. రిఫర్ చేయడం ఒక్క రోగులకే అనుకుంటాం. తప్పు. ప్రశ్నలకూ అదే వైద్యం. ఫిల్ము ఎందుకు లేదు, ఎప్పటినుంచి లేదు అని సమాచార హక్కు కింద అడుగుదామని కూర్చున్నాను. ఒడిశాలో దానికి ‘ఫారం ఏ’ ఉంది. గుర్తింపు రుజువు జతచేయాలి, పది రూపాయలు కట్టాలి. హిందీలోనో ఇంగ్లీషులోనో ఆ ప్రాంతపు అధికార భాషలోనో రాయమంది 2005 చట్టం. పిన్ని పడింది తెలుగులో. ఆ పడటాన్ని ఒడియాలోకి మార్చి రాయడానికి ఒక మాస్టారికి రెండు టీలు, ఒక సాయంత్రం ఖర్చయ్యాయి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టంలో ఉందని మాస్టారే చెప్పారు. తుంటి ప్రాణం కిందికి రాదని కూడా ఆయనే తేల్చారు.

దరఖాస్తు వేశాం. ఆరో సెక్షను మూడో ఉపసెక్షను ప్రకారం, అడిగింది తమ పరిధిలోది కాకపోతే ఐదు రోజుల్లో సంబంధిత కార్యాలయానికి పంపాలి. ఎంత క్రమశిక్షణో చూడండి, ఐదో రోజునే పంపేశారు. ఆసుపత్రి నుంచి జిల్లాకి, జిల్లా నుంచి భువనేశ్వర్‌కి. పిన్ని బరంపురం దాకా వెళ్లలేకపోయింది గాని, ఆమె ప్రశ్న రాజధాని చూసింది.

ఇంకొంచెం పైకెళ్తే ఢిల్లీ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో ఆసుపత్రులు రాష్ట్ర జాబితా ఆరో అంశం. కనక కేంద్రం రాష్ట్రం వైపు చూపిస్తుంది, రాష్ట్రం నిధుల కోసం కేంద్రం వైపు చూస్తుంది. మధ్యలో ఎవరైనా పిన్ని వైపు చూస్తే మర్యాదగా ఉండదు. ప్రజారోగ్యం మీద ప్రభుత్వ ఖర్చు 2025 కల్లా జీడీపీలో 2.5 శాతానికి చేర్చాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం రాసుకుంది. 2025 టైముకే వచ్చింది. 2.5 రాలేదు. దాన్నీ బరంపురం రిఫర్ చేసుంటారు.

పింఛను మాటా చెప్పాలి. పర్లాకిమిడి దాటగానే పాతపట్నం, అక్కడ ఆంధ్రా. మా పెద్దమ్మ అక్కడి కోడలు. 2024 జులై నుంచి ఆమెకి నెలకి 4,000, ఒకటో తారీకున గుమ్మంలోకి తెచ్చిస్తారు. మా ఒడిశా వాళ్ల మధుబాబు పింఛను కింద పిన్నికి 1,000, పదిహేనో తారీకున వెళ్లి తెచ్చుకోవాలి. ఒకే తల్లి పిల్లలు, ఒకే మోకాళ్ల నొప్పి. ముసలితనం మహేంద్రతనయ నది దాటాక నాలుగింతలు బరువెక్కుతుందని ప్రభుత్వాలు తూచి చూసే ఉంటాయి. మావాళ్లు పూర్తిగా దయలేనివాళ్లేం కాదు, ఎనభై నిండితే 3,500 ఇస్తారు. పిన్నికి డెబ్బై ఒకటి. ఇంకో తొమ్మిదేళ్లు బోరింగు దగ్గర జాగ్రత్తగా నడవాలి. పెద్దమ్మ ఈ లెక్క వినగానే, "మా అయ్య నిన్ను తప్పు పక్కకిచ్చాడే" అని ఏడ్చింది. తరవాత ఇద్దరూ నవ్వారు. ఆ నెల పెద్దమ్మ తన నాలుగు వేలల్లోంచి చెల్లెలికో వెయ్యి పంపింది. రెండు రాష్ట్రాల మధ్య సమన్వయం లేదని ఎవరంటారు?

మొన్న జవాబు వచ్చేసింది. అడ్డంగా రెండు స్టాంపులు, కింద చదవడానికి వీల్లేని సంతకం. మాస్టారు చదివి తెలుగు చేశారు. "మీరు కోరిన సమాచారం ఈ కార్యాలయంలో నిర్వహించబడుట లేదు. సదరు రోగికి ఫిల్ము ఇవ్వలేదన్న మీ ఫిర్యాదు పరిశీలన నిమిత్తం, సదరు ఎక్స్‌రే ఫిల్ము నకలు జతపరచి మరల దరఖాస్తు చేసుకోగలరు."

సరే, కనీసం ఫోటో అయినా పంపుదామని ఆ కుర్రాడి ఊరు వాకబు చేసి వెళ్లాను. వాళ్లమ్మ గుమ్మంలో చింతపండు గింజ తీస్తోంది. కుర్రాడు సూరత్ వెళ్లిపోయాడట, మగ్గాల పనికి. ఫోను వాడితోపాటే వెళ్లింది. చెల్లెలికి జ్వరం తగ్గిందా అని అడిగాను.

"బరంపురం రాశారు బాబూ" అందామె.