పాలెగాడికే అమ్మవారి చీర

‘పుష్ప’ సినిమా రెండు భాగాలూ తిరుపతిలో పుట్టి పెరిగిన నాలాంటి వాళ్ళకు ఇచ్చిన సంతోషం చిన్నది కాదు. చిత్తూరు యాస అంటే చాలాకాలం తెర మీద పనివాడికో, నవ్వించేవాడికో ఇచ్చే భాష. ఆ యాసలో మాట్లాడిన హీరోకు, 2021లో వచ్చిన మొదటి భాగానికి, జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. అమెరికాలో పుట్టిన మన పిల్లలు కూడా గడ్డం కింద చెయ్యి తిప్పుతూ ‘తగ్గేదేలే’ అన్నారు.

అయితే 2024లో రెండో భాగంలో గంగమ్మ జాతర చూసినప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు.

మా ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ కథ తిరుపతిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆడవాళ్ళను చెరబడుతున్న పాలెగాణ్ణి చంపడానికి అమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. వాడి కోసం బైరాగి, బండ, తోటి అంటూ అమ్మ వేషాలు మార్చి వెతికింది. చివరికి దొర వేషంలో వస్తే, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల తెగింది. ఇప్పటికీ జాతరలో కైకాల వంశస్థులు ఆ వేషాలు కడతారు. వాళ్ళతో పాటు ఆటో నడిపేవాళ్ళు, అంగడి పెట్టుకున్నవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. ఆఖరున గుడి ముందు మట్టితో చేసిన అమ్మ విశ్వరూపం చెంప నరికితే, ఆ పిడికెడు మట్టి కోసం జనం ఎగబడతారు. జాతర ఏ ఒక్కడిదీ కాదు.

సినిమా జాతరలో మాత్రం అందరూ చీర కట్టిన హీరో పుష్ప ఒక్కణ్ణే చూడాలి. ఆడపిల్ల జోలికొచ్చిన వాళ్ళను అతను చితకబాదుతుంటే నాకూ ఒళ్ళు జలదరించింది, నిజమే. కానీ అతనెవరు? ఎర్రచందనం కొల్లగొట్టి, డబ్బుతో ముఖ్యమంత్రినే మార్చేసిన మనిషి. గంగమ్మ కథలో ఇలాంటివాడి చోటు ఏదో మనకు తెలుసు. అమ్మ చీర తెచ్చి పాలెగాడికి కట్టి, మనం చేతులెత్తి మొక్కాం.

ఎందుకు మొక్కామో కూడా చూడాలి. ఇంటిపేరు లేదని అందరి ముందూ అవమానం పడిన పిల్లవాడి బాధ ఆ కథకు ప్రాణం. మన పల్లెల్లో అది కట్టుకథ కాదు. కులం అడిగి, ఇంటిపేరు అడిగి, ఆ తరవాతే కూర్చోమనే ఇళ్ళు మనమంతా చూశాం. ఆఫీసులో న్యాయం జరుగుతుందన్న నమ్మకం లేక ‘అన్న’ దగ్గరికి పోయి పని చేయించుకునే అలవాటూ మనదే. గాయం నిజమైనది. దానికి సినిమా చూపిన మందు మాత్రం ఒక్కటే: నువ్వే ఇంకా పెద్ద ‘అన్న’వైపో. అతనిలాగే అడవిలో చెట్లు నరికే మిగతా కూలీల సంగతి?

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన పేద కూలీలు. అది ఎన్‌కౌంటరేనా అని హక్కుల సంఘాలు నిలదీశాయి. ఎర్రచందనం నిజంగా ఎవరి ప్రాణాలు తీసిందో ఆ 20 మంది కుటుంబాలను అడగాలి. వాళ్ళ వైపు నుంచి ఇంత పెద్ద సినిమా రాలేదు, మనమూ అడగలేదు.

ఇదే యాసలో, ఇదే నేల మీద వేరే కథలున్నాయి. మా చిత్తూరు రచయిత నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో, ‘సినబ్బ కతలు’లో అమ్మ ఉంది, ఆకలి ఉంది, పాలెగాడు లేకుండానే మనుషులు తలెత్తుకుని బతకడం ఉంది. 2024లోనే తిరుపతి నేపథ్యంగా ‘35’ సినిమా వచ్చింది. లెక్కలు రాని కొడుకు కోసం తల్లి తానే మళ్ళీ లెక్కలు నేర్చుకునే కథ. దాని గురించి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘంలో ఎంతమందిమి మాట్లాడుకున్నాం?

ఈసారి ఉగాది వేడుకలకు సాంస్కృతిక కమిటీని నేను అడిగేది ఇంతే. ‘పుష్ప’ పాటలకు డాన్సు పెట్టండి, పిల్లల సరదా మనకెందుకు కాదనాలి? దాని పక్కనే ఒక పావుగంట సినబ్బ కతకు ఇవ్వండి. చదవడానికి మా చిత్తూరోళ్ళం సిద్ధంగా ఉన్నాం.