రాలని ఆకు, వదలని ఊపిరి

శరదృతువును ఆలింగనం చేసుకోవాలట. రోజూ పొద్దున అరగంట యోగా, పావుగంట ధ్యానం చేస్తే ఋతువే మనలోకి దిగుతుందట. ఫోన్లో కనిపించే ఒక గురువుగారు సెలవిచ్చారు. బాధ్యత గల పౌరుణ్ణి కనుక ఆ సాయంత్రమే హన్మకొండ చౌరస్తాకు వెళ్లి 600 రూపాయలు పెట్టి నీలం రంగు చాప కొన్నాను. 2015 నుంచి ఏటా జూన్ 21న, యోగా దినోత్సవం నాడు మాత్రమే తొడిగే తెల్ల టీషర్టును బీరువా అడుగు నుంచి లాగాను. ఆశ్వయుజ పాడ్యమి నాడు సాధన మొదలైంది.

మొదటి పాఠం: రాలే ఆకును చూస్తూ ఊపిరి వదలాలి. మనసు పట్టుకు వేళ్లాడుతున్నవన్నీ దాంతోపాటే రాలిపోతాయి. వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుని పదకొండు నిమిషాలు చూశాను. ఒక్క ఆకూ రాలలేదు. ఎట్లా రాలుతుంది? మన వేప ఆకు రాల్చేది శిశిరంలో, ఉగాదికి ముందు. ఇప్పుడేమో వానలు తాగి నిగనిగలాడుతోంది. గురువుగారి ఆకు ఏ చలిదేశపు మేపుల్ చెట్టుదో! నా వైపు నుంచి లోపం ఉండకూడదని ఊపిరి బిగబట్టుకునే కూర్చున్నాను. చివరికి కాకి రెట్ట రాలింది. దాన్ని ఋతువు ఖాతాలో వేయలేం.

అసలు మన పెద్దలకు ఈ ఋతువు మీద పెద్ద నమ్మకం లేదు. 'వైద్యానాం శారదీ మాతా' అన్నారు. అంటే డాక్టర్లకు శరత్తు కన్నతల్లి. వానాకాలంలో పోగైన పిత్తం ఎండ తగలగానే రెచ్చిపోతుందని ఆయుర్వేదం లెక్క. డెంగీ దోమ లెక్క వేరు. అది పగటి దోమ. పొద్దునా సాయంత్రమూ దానికి ఆకలెక్కువ. సరిగ్గా మనం కళ్లు మూసుకుని కదలకుండా కూర్చునే వేళలవి. వచ్చిన ఆలోచనను రాగద్వేషాలు లేకుండా గమనించి పోనివ్వాలన్నారు. మూడు రోజులు దోమను అట్లాగే గమనించాను. నాలుగో రోజు కొట్టాను, నా చెంప మీదే.

యోగసూత్రాలు రాసిన పతంజలి ఆసనం గురించి చెప్పింది మూడంటే మూడు సూత్రాలు. మొదటిది 'స్థిరసుఖమాసనం'. స్థిరంగా, సుఖంగా ఉంటే చాలట. ఈ నిర్వచనానికి మా పడక కుర్చీ అక్షరాలా సరిపోతుంది. గురువుగారు ఒప్పుకోరు.

ఏడో రోజు, తెల్లారితే సద్దుల బతుకమ్మ. పద్మాసనంలో నా ఎడమ మోకాలు ఇంకా గాల్లోనే ఉంది. మా ఆవిడ తెచ్చి ఒళ్లో సంచి పడేసింది.

"ముక్కు మూసుకున్నది చాలు గని, చేన్ల పొంటి పోయి గునుగు పువ్వు తెంపుకరా పో. జర్రంత ఆలస్యమైతే ఇంకోలు కోస్కపోతరు."

హసన్‌పర్తి దాటాక ఒక పత్తిచేను. తొలి ఏరుడు. ఇరవై మంది ఆడవాళ్లు నడుము వంచి పాదహస్తాసనంలో ఉన్నారు. నేను ఎనిమిది సెకన్లు నిలబడే భంగిమలో వాళ్లు పొద్దంతా ఉంటారు, అదీ నడుముకు కట్టిన ఒడిలో పత్తి బరువుతో. కిలోకింత అని కూలి. చాప లేదు, 'శ్వాస మీద ధ్యాస' అని చెప్పేవాళ్లూ లేరు. బొత్తిగా అశాస్త్రీయం. రోడ్డు మీద మక్కలు ఆరబోసిన రైతు పడమటి మబ్బును చూసి ఊపిరి బిగబట్టాడు. దాన్ని కుంభకం అంటారని చెబుదామనుకున్నాను. చేతిలో పార ఉంది, మానుకున్నాను.

సాయంత్రం మా అమ్మ, మా ఆవిడ, పక్కింటి వదిన వరండాలో గొంతుక్కూర్చున్నారు. గునుగు కాడలు సమంగా కత్తిరించడం, తెల్లటి కొసలను రంగులో ముంచడం, పిడికెడేసి కట్ట కట్టడం. మూడు గంటలు. ఎవరి ఫోనూ ఎవరూ ముట్టలేదు. దీన్ని ఏకాగ్రత అంటారని అమ్మకు వివరించబోయాను.

"ఏందో నీ లొల్లి. ఆ దారం ఇటందియ్యి."

తడి పూలు ఆరబెట్టడానికి చోటు చాల్లేదు. నా చాప పరిచారు.

తెల్లారి లేచి చూస్తే పూలు లేవు, బతుకమ్మ పేర్చే శిబ్బిలోకి ఎక్కేశాయి. నీలం చాప నిండా గులాబీ, పసుపు, ఆకుపచ్చ మరకలు. దూరం నుంచి అచ్చం ఆకులు రాలినట్టే ఉంది. పాడ్యమి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.